పెద్దలకు పీట చాలునా?

ఉద్యోగము చేసి, పిల్లలను పెంచి, పెండ్లిండ్లు జరిపించి, షష్టిపూర్తి కూడ కానిచ్చుకొన్న తల్లిదండ్రులతో ‘ఇక మీకెందుకు నాన్నా ఈ శ్రమ, కృష్ణా రామా అనుకుంటూ హాయిగా కూర్చోండి’ అనుట మన ఇండ్లలో ప్రేమకు ప్రత్యక్షరూపముగా చెల్లుచున్నది. ఆ మాటలో ప్రేమ లేదని నేననను. కాని ఆ ప్రేమ చాటున మన పెద్దల కాళ్ళలోని సత్తువయు, జ్ఞాపకములోని చురుకుదనమును, నలుగురిలో తామును ఒకరమను ధీమాయు ఎట్లు హరించిపోవుచున్నవో యోచించిన కొలదియు, ఆ మాటను మనము మార్చుకొనవలసిన కాలము వచ్చినదని నాకు తోచుచున్నది. సముద్రములు దాటివచ్చిన కుటుంబములలో ఈ అవసరము మరింత తీవ్రముగా నున్నది; న్యూజిలాండు దేశమందలి హాబ్సన్‌విల్‌ను చూచినవారికి ఆ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు.

ఆక్లండు మహానగరమునకు వాయవ్యదిశను, వైటెమటా నౌకాశ్రయపు ఎగువ పాయలు మడచెట్ల నడుమకు చొచ్చుకొని వచ్చినచోట ఈ ఊరున్నది. 1840లో తొలి గవర్నరు విలియం హాబ్సన్ రాజధానికి తగిన స్థలమును వెదకుచు ఈ తీరమును కూడ పరిశీలించెను. రాజధాని రాకపోయినను ఆయన పేరు మాత్రము నిలిచిపోయినది. 1854లో ఇచట స్థిరపడిన రైస్ ఓవెన్ క్లార్క్ అను వలసదారు, నీరు నిలిచిపోవు తన బంకమట్టి నేలను ఆరబెట్టుకొనుటకై ఆ మట్టితోనే గొట్టములు చేసి కాల్చుకొనగా, ఇరుగుపొరుగువారు తమకును కావలెనని యడుగుటచే, ఒకని యవసరమునకై మొదలైన పని పెద్ద పరిశ్రమగా పెరిగినది. ఇరువదవ శతాబ్దమున వైమానిక దళమువారి జలవిమానములు ఇచటి నీటిపై దిగెడివి. ఆ దళపు స్థావరము పోయి, గడచిన పదునైదేండ్లలో అచట హాబ్సన్‌విల్ పాయింటు అను క్రొత్త నివాసప్రాంతము వెలసినది: ఇండ్లు దగ్గరదగ్గరగా, పెరడులు చిన్నవిగా, బడులు నడకదూరములో, నగరమునకు ఫెర్రీ. చిన్నపిల్లలు గల ఉద్యోగస్థులకు అనువైన చోటు గనుక, ఆ పిల్లలను చూచుకొనుటకు దేశమునుండి వచ్చిన తాతలు, అమ్మమ్మలు, నాయనమ్మలు ఇచట కానవచ్చుట సహజమే.

వారి దినచర్య ఎట్లుండును? ఉదయము ఎనిమిదిన్నర ప్రాంతమున, మంకీ క్యాపు చెవులమీదికి లాగుకొని, ఒక భుజమున మనుమని బడిసంచిని తగిలించుకొని, వేరొక చేత మనుమరాలి చేయి పట్టుకొని తాతగారు నడచి పోవుదురు. తొమ్మిదింటికి బడిగంట కొట్టిన వెనుక ఆయన ఇల్లు చేరును. కొడుకును కోడలును పనులకు పోయియుందురు. చెల్లెలితోనో, పాత స్నేహితునితోనో ఫోనులో మాటాడవలెనన్నను, ఇచట పదిగంటలగునప్పటికి ఆంధ్రదేశమున తెల్లవారుజాము మూడున్నర దాటదు. వేసవి గడియారము నడచు నెలలలో నైనచో రెండున్నరయే. కావున ఆ పెద్దలకు మెలకువగా నున్న దినములోని సగభాగము, తమ వారెవ్వరును మేలుకొని లేని సగభాగమగుచున్నది. పప్పు ఉడికించి, టీవీలో నిన్నటి సీరియలు చూచి, కిటికీకడ నిలిచి, మూడింటికి మరల బడికి పోవుటతో ఆ పగలు గడచిపోవును. స్వదేశమున తహశీల్దారుగనో, ప్రధానోపాధ్యాయినిగనో, బ్యాంకు అధికారిగనో పలువురి యక్కరలు తీర్చినవారు, ఇచట ఎవ్వరికిని పేరైనను తెలియని వారగుదురు. వీరికి రక్తపు పోటు మాత్రలకేమియు కొదవ లేదు. కొదవ ఇంటి వెలుపల ఇతరులకొరకు చేయు సేవకే యని చెప్పుటయే ఈ వ్యాసోద్దేశము.

‘మనుమలను చూచుకొనుచున్నారు గదా, అది సేవ కాదా?’ అని అడుగువారు కలరు. నిస్సందేహముగా అది సేవయే. దాని విలువ కట్టరానిది. అయినను ఆరోగ్యము మాట వచ్చినపుడు దానికొక హద్దున్నది. పొరుగుననే యున్న మెల్బోర్న్ నగరమున 57 నుండి 68 ఏండ్ల నడుమ వయస్సు గల 186 మంది స్త్రీలను పరీక్షించి 2014లో ప్రకటించిన పరిశోధనలో, వారమునకొక దినము మనుమలను చూచుకొను అమ్మమ్మలు, నాయనమ్మలు బుద్ధిపాటవ పరీక్షలలో అందరికంటె మిన్నగా నుండగా, ఐదు దినములు లేక అంతకుమించి చూచుకొనువారు ఒక పరీక్షలో వెనుకబడినట్లు తేలినది. ఇంత చిన్న పరిశోధనపై పెద్ద మేడ కట్టరాదు. కాని హాబ్సన్‌విల్‌లోని మన తల్లులలో వారమునకొక దినమే పిల్లలను చూచువారెందరు? ఐదు దినములును చూచువారే యెక్కువ. ఇంటిపని వద్దనుటకు వారికి వీలులేదు, ఎంచుకొనుటకును వీలులేదు, కోడలికి సెలవు దొరకనపుడు నాయనమ్మకును సెలవు లేదు. తానై కోరి, తానై కాలము నిర్ణయించుకొని, రక్తసంబంధము లేనివారికొరకు చేయు పనిలోనున్న స్వేచ్ఛ దీనిలో లేదు. అట్టి స్వచ్ఛంద సేవ పెద్దలకొక ఔషధమనియు, ఆ స్వేచ్ఛయే ఆ ఔషధములో ముఖ్యమైన పాలు అనియు నా నమ్మకము.

ఈ ఔషధమును గూర్చి శాస్త్రజ్ఞులు చెప్పునది ఉత్సాహకరమే గాని, దానిని ఉన్నదున్నట్లుగా చెప్పుకొనుట మంచిది. అమెరికాలో 50 ఏండ్లు దాటిన దాదాపు 13,000 మందిని కొన్నేండ్లపాటు అనుసరించి 2020లో వెలువరించిన ఒక పెద్ద పరిశీలనలో, ఏడాదికి నూరు గంటలకు తక్కువ కాకుండ స్వచ్ఛంద సేవ చేసినవారికి ఆ కాలములో మరణించు అవకాశమును, లేచుట నడచుట వంటి పనులలో అశక్తత వచ్చు అవకాశమును తక్కువగా నున్నట్లును, నిరాశయు ఒంటరితనమును తగ్గి, బ్రతుకునకొక ప్రయోజనమున్నదను భావము హెచ్చినట్లును కనుగొనిరి. అయితే మధుమేహము, పక్షవాతము, గుండెజబ్బు మున్నగువాని విషయములో సేవ చేసినవారికిని చేయనివారికిని చెప్పుకోదగిన భేదము కనబడలేదు. కనుక సేవ చేసినచో చక్కెర వ్యాధి కుదురునని ఎవరైన చెప్పినచో నమ్మనక్కరలేదు.

ఇంకొక సందేహము సహజముగా పుట్టును. ఆరోగ్యముగా నున్నవారే గదా సేవకు పోగలరు, మంచమెక్కినవారు పోలేరు, అట్టియెడ సేవ వలన ఆరోగ్యమా, ఆరోగ్యము వలన సేవయా? ఈ ప్రశ్న న్యాయమైనది. 55 ఏండ్లు దాటిన వారిని గూర్చిన 14 పరిశోధనలను క్రోడీకరించి 2013లో ప్రకటించిన సమీక్షలో, పైపైన చూచినపుడు సేవ చేయువారిలో మరణావకాశము 47 శాతము తక్కువగా కనబడగా, ముందే యున్న ఆరోగ్యము, ఆదాయము, చదువు మొదలైనవానిని లెక్కలోనికి తీసికొన్న పిమ్మట అది 24 శాతమునకు దిగినది. అనగా మొదట కనబడిన మేలులో రమారమి సగము సేవదిగాక సేవకుల పూర్వారోగ్యముదే. ఆ మిగిలిన సగమును త్రోసిపుచ్చుటకు మాత్రము నాకు కారణము కానరాదు.

ఎట్లు పనిచేయును ఈ సేవ? ఇందులకు అమెరికాలోని బాల్టిమోర్ నగరమున జరిగిన ప్రయత్నము చూడదగినది. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ వైద్యురాలు లిండా ఫ్రీడ్ మొదలైనవారి పూనికతో, అరువది యేండ్లు దాటిన సామాన్య వృద్ధులు వారమునకు 15 గంటల చొప్పున ప్రాథమిక పాఠశాలలకు పోయి, చదువురాని పిల్లలచేత చదివించుటకును, గ్రంథాలయమును తీర్చిదిద్దుటకును, పిల్లల తగవులు తీర్చుటకును పూనుకొనిరి. ఎక్స్‌పీరియన్స్ కోర్ అని దాని పేరు. వ్యాయామము చేయుడని వారికెవ్వరును చెప్పలేదు. బడికి పోవలెను గనుక నడచిరి. తరగతులు మేడపై నున్నవి గనుక మెట్లెక్కిరి. ఇరువదిమంది పిల్లల పేర్లు గుర్తుంచుకొనవలసెను గనుక జ్ఞాపకమునకు సాన పట్టినట్లయినది. టీవీ ముందు కూర్చుండు కాలము తగ్గినది. ఆపద వచ్చినపుడు ఆదుకొనువారి సంఖ్య పెరిగినది. తరువాతి కాలమున కొందరి మెదడు చిత్రములు తీసి చూచినపుడు ఆలోచనలను అదుపుచేయు ముందు భాగములో చురుకుదనము హెచ్చినట్లు కానవచ్చినది. వైద్యుడు ‘రోజూ నడవండి’ అని చీటీపై వ్రాసియిచ్చినపుడు వారము దినములు నడచి మానువారమే మనమందరము. వర్షము వచ్చినను గాలి వీచినను ఒక పసివాడు పుస్తకము తెరచుకొని తనకొరకు ఎదురుచూచుచున్నాడని తెలిసిన ముసలివాడు మాత్రము నడక మానడు.

అన్నిటికంటె నన్ను కదిలించిన పరిశోధన వేరొకటి. విస్కాన్సిన్ రాష్ట్రమున 1957లో ఉన్నత పాఠశాల ముగించినవారిని జీవితాంతము అనుసరించుచున్న ఒక సుదీర్ఘ పరిశీలనలో, మీరు సేవ ఎందులకు చేయుచున్నారని 2004లో అడిగి, నాలుగేండ్ల పిమ్మట ఎవరు జీవించియుండిరో చూచినపుడు, ఇతరుల కొరకని చెప్పినవారికి ఆయుర్లాభము కనబడినది. తమ మేలు కొరకు, తమ బాధలు మరచుటకని చెప్పినవారికిని, సేవయే చేయనివారికిని భేదమంతగా కనబడలేదు. ఫలాపేక్ష లేని కర్మను గూర్చి మన పెద్దలు తరతరములుగ చెప్పుకొనుచు వచ్చినదానిని ఈ పరిశోధకులు తమ లెక్కలతో వేరొక దారిని చేరుకొన్నట్లున్నది. దీనినుండి ఆచరణకు పనికివచ్చునది ఒకటి కలదు. నాన్నగారితో ‘మీ బీపీకి మంచిది, సేవకు వెళ్ళండి’ అని చెప్పుట వట్టిది. ‘ఆ పిల్లలకు లెక్కలు చెప్పేవాళ్ళు లేరట, మీరు వెళ్తే బాగుంటుంది నాన్నా’ అనుట సరియైనది. అది నిజమును కావలెను.

పరుల కొరకు పాటుపడిన వార్ధక్యము మనకు క్రొత్తది కాదు. కోనసీమలోని లంకల గన్నవరమున, గోదావరి పాయలు దాటివచ్చు బాటసారులకు వేళగాని వేళ ఆకు వేసి అన్నము పెట్టిన డొక్కా సీతమ్మగారు 1841లో పుట్టి 1909లో గతించువరకును ఆ వ్రతమును విడువలేదు. వైనతేయ పాయపై నున్న అక్విడక్టుకు నేడామె పేరు. ఇప్పటికిని తిరుమలలో తరిగొండ వెంగమాంబ అన్నప్రసాద భవనమున కూరలు తరుగుచు, వడ్డించుచు, క్యూలలో మంచినీళ్ళందించుచు శ్రీవారి సేవకులు దినముల తరబడి ఉండుట మనమెరిగినదే. పల్లెనుండి అట్లు పోయివచ్చిన అమ్మ, ఇంటిలో మోకాళ్ళనొప్పి యని మూల్గినదే, అచట వేకువన లేచి వందల మందికి వడ్డించి వచ్చి, నెలరోజులపాటు ఆ ముచ్చటే చెప్పును. ఆమె మోకాలు అచట మారలేదు. ఆమె చుట్టునున్న లోకము ఆమెను చూచిన చూపు మారినది. అదే అమ్మ హాబ్సన్‌విల్ వచ్చినపుడు ఆమె సేవకు అర్హురాలు కాదని మనమెందుకు నిశ్చయించుకొనుచున్నాము?

ఇచట పనికి కొరత లేదు. న్యూజిలాండు సమాజములో స్వచ్ఛంద సేవ ఉప్పువలె కరగి యున్నది. మావోరీలు పెద్దలను కౌమాతువా యని పిలిచి, కూర్చుండబెట్టుటయే గాక, సభలలో తొలిపలుకు పలుకుటకును, పిల్లలకు వంశకథలు నేర్పుటకును బాధ్యులను చేయుదురు. ఆక్లండులో ‘వాకింగ్ స్కూల్ బస్’ అను పద్ధతి కలదు: పెద్దలొకరిద్దరు నిర్ణీతమైన దారిని నడచుచుండగా, బస్సు ఆగు చోట్లవలె ఏర్పరచిన స్థలములలో పిల్లలు ఒక్కొక్కరే కలసికొని, వరుసగా బడి చేరుదురు. మనుమని ఎట్లును దిగబెట్టు తాతగారు పదిమందిని నడిపించుట ఎంత శ్రమ? ఆయనకు పది యిండ్లవారితో పరిచయమగును. పదిమంది పిల్లలు ఆయనను పేరుపెట్టి పలుకరింతురు. ఒంటరిగా నున్న వృద్ధులను వారమునకొక గంట పలుకరించి వచ్చు సేవను ఏజ్ కన్సర్న్ సంస్థ నడుపుచున్నది. 1970లో ఆక్లండులోని పాన్సన్‌బీలో తొలి శాఖ వెలసిన సిటిజన్స్ అడ్వైస్ బ్యూరో యందు, అర్జీలు నింపుట, హక్కులు వివరించుట, ఎవరిని కలియవలెనో చెప్పుట అను పనులన్నియు స్వచ్ఛంద సేవకులే చేయుదురు. ముప్పదియేండ్లు మండల కార్యాలయమున కూర్చున్న మన విశ్రాంతోద్యోగికి ఇంతకంటె చేయి తిరిగిన పని వేరొకటి యుండునా?

చేతికి మట్టి అంటించుకొన గోరువారికి తీరపు నడకదారి వెంబడి పని కలదు. 2050 నాటికి ఎలుకలు, స్టోటులు, పోసములు మున్నగు పక్షిభక్షక జంతువులు లేని దేశముగా చేయవలెనని 2016లో ప్రభుత్వము సంకల్పించినది మొదలు, పలు ఊళ్ళలో పౌరులే కొయ్యపెట్టెలలో వేరుసెనగ ముద్ద ఎరగా పెట్టి ఉచ్చులు చూచుచున్నారు. జీవహింస మన పెద్దలలో పెక్కురకు సమ్మతము కాదు. వారినందులకు బలవంతపెట్టుటయు తగదు. వారికి మొక్కలు నాటు పని మేలు. ఇచట మే నుండి ఆగస్టు వరకు నేల తడిగా నుండుటచే నాటుటకు అనుకూలము. మానుకా, హరకెకే మున్నగు దేశీయపు మొక్కల వేళ్ళు చెదరకుండ గుంటలోనికి దింపి మట్టి అదుముట, నారు పోసి నాటిన చేతులకు నేర్పవలసిన పని కాదు. అచట ఆంగ్లము తడబడినను ఎవ్వరును పట్టించుకొనరు.

ఆంగ్లమే గదా అడ్డంకి యందురు. కొంతవరకు నిజము. కాని పెద్దలకంటె పిల్లలకే ఆ భయము హెచ్చు: నాన్నగారి ఉచ్చారణ విని ఎవరైన నవ్వుదురేమో, అమ్మ దారి తప్పునేమో, మీ తల్లిదండ్రులచేత పని చేయించుచున్నారాయని మనవాళ్ళేమనుకొందురో! ఈ మూడవ భయమే అన్నిటిలో బలమైనదని నా యనుమానము. జీతము లేని పని చేయుట చిన్నతనమను భావము మనలోనింకను పోలేదు. దేవాలయములో చేసినచో పుణ్యము, పురపాలక సంఘపు తోటలో చేసినచో కూలి యని మనకొక విచిత్రమైన విభజన కలదు. ఇక వీసా సంగతి: సందర్శకులుగ వచ్చినవారు తమ వీసా షరతులేమి అనుమతించునో ముందే కనుగొనవలెను. పిల్లలతో పని యున్నచోట పోలీసు విచారణ జరుగును. అది అవమానము కాదు, అందరికిని ఒకటే. 65 ఏండ్లు నిండి సూపర్‌గోల్డ్ కార్డు పొందగలిగినవారికి వారపు దినములలో ఉదయము తొమ్మిది దాటిన పిమ్మట బస్సును ఫెర్రీయు ఉచితము. కొడుకు కారులో దింపువరకును వేచియుండనక్కరలేని ఆ ప్రయాణమే కొందరు పెద్దలకు సగము ఆరోగ్యము.

హద్దులు కూడ చెప్పవలెను. ఏడాదికి నూరు గంటలన్నచో వారమునకు రెండు గంటలు మాత్రమే. పది గంటలు చేసినచో ఐదింతలు మేలు కలుగునని ఏ పరిశోధనయు చెప్పుట లేదు. ఐదు దినములు మనుమలను మోసిన నాయనమ్మపై ఆరవనాడు సేవాభారమును కూడ వేయుట అన్యాయము; ఆమెకు సేవా సమయము దొరకవలెనన్నచో ఆ ఐదింటిలో ఒక దినమును కొడుకును కోడలును తామే మోయవలెను. జీతమిచ్చి చేయించవలసిన పనిని వృద్ధుల మంచితనమును ఆసరాగా గొని ఉచితముగా చేయించుకొను సంస్థలున్నచో, వానికి నిర్మొగమాటముగా కాదనవలెను. లేవలేని వారిని, మనసు విరిగినవారిని, నేను సేవ చేయలేకపోతినే యని కుందునట్లు చేయుట మరింత పాపము.

మన తెలుగు సంఘములవారికి ఒక మాట. ఉగాదికి, సంక్రాంతికి, బతుకమ్మకు వారు పెద్దలను మొదటి వరుసలో కూర్చుండబెట్టి, వేదికపైకి పిలిచి, శాలువా కప్పి, చప్పట్లు కొట్టించి పంపుచున్నారు. ఆ గౌరవము ఉండవలసినదే. కాని ఆ సాయంకాలపు చప్పట్లు మరునాటి పదిగంటల నిశ్శబ్దమునకు మందు కాజాలవు. ఈసారి వేదిక ప్రక్కనే ఒక బల్ల వేయుడు. దగ్గరి బడులకు ఏమి కావలెనో, తీరమున ఎప్పుడు నాటుదురో, ఏ వృద్ధురాలు మాట కొరకు ఎదురుచూచుచున్నదో ముందుగా విచారించి, ఆ పనుల పట్టికను పెద్దల చేతికే తెలుగులో వ్రాసి ఇయ్యుడు. తొలి రెండు వారములు తోడుపోవుటకొక కుర్రవానినో, కుర్రదానినో జతచేయుడు. ‘మా నాన్నగారికి మోకాళ్ళ నొప్పులండీ’ అని కొడుకు అడ్డువచ్చినచో, ప్రశ్నను ఆ నాన్నగారివైపే త్రిప్పుడు. ఉగాది మార్చి ఏప్రిల్ నెలలలో వచ్చును. మొక్కలు నాటు కాలము మే నెలలో మొదలగును. పత్రములు నింపి, విచారణలు ముగించి, మొదటి జట్టును పంపుటకు ఆ నడుమనున్న వ్యవధి సరిపోవును.